అరువు కెమెరాతో వాడపల్లి దాకా

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అని సెలవు చీటీలో రాస్తే మా స్టాఫ్ రూములో అందరూ ఒకటే అడిగారు: "అక్కడ చూడటానికి ఏముంది మేడం?" నేను చూడబోయేది ఊళ్లను కాదు. కోదాడలో ఒక పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు తన కెమెరా అమ్ముతున్నాడు. దాన్ని చూడటానికి బయల్దేరాను.

నేను హనుమకొండలో ఇంటర్ పిల్లలకు బోటనీ చెబుతాను. ఎనిమిదేళ్లుగా నా సంచిలో ఒక చిన్న కెమెరా ఉంటుంది. గడ్డిపూలు, చెరువు అంచున తుంగ, గోడ పగుళ్లలో మొలిచిన మొక్కలు, అన్నీ దానితో తీసినవే. దాని మీద నాకెప్పుడూ ఫిర్యాదు లేదు. పోయిన ఏడాది ఎవరో ఫోనుకు ఒక వీడియో పంపారు. పెద్ద సెన్సార్ ఉన్న కెమెరాతో తీసింది. గరికపోచ మీద నిలిచిన మంచుబొట్టు, ఆ బొట్టులో తలకిందులుగా ఒక పొలం. ఆ రోజు నుంచి నా ఫొటోలు నాకే మసకగా కనిపించసాగాయి. రోజూ అన్నం తిన్నాక అరగంట అలాంటి వీడియోలతోనే గడిచేది. "ఏందే, కొత్త సంబంధం చూస్తున్నవా?" అని మా ఆయన నవ్వేవాడు. నవ్వులాటకన్నా అది నిజానికే దగ్గర. అలాంటి కెమెరా ధర నా రెండు నెలల జీతం.

సూర్యాపేట

బస్సులు ఆగే ఊరికి ఒక రకమైన తొందర ఉంటుంది. సూర్యాపేటలో హోటళ్ల ముందు మనుషులు ఒక కన్ను ప్లేటు మీద, ఒక కన్ను బస్సు మీద పెట్టి తింటారు. నాకు ఏ తొందరా లేదు కాబట్టి ఇడ్లీ నెమ్మదిగా తిన్నాను. నెయ్యి వేసి, పైన కారప్పొడి దట్టంగా చల్లి ఇచ్చారు. ప్లేటు నలభై. మా దగ్గర కారప్పొడి పక్కన పెడతారు, ఎంత కావాలో మనమే అద్దుకుంటాం. ఇక్కడ ఆ అధికారం మనకు లేదు.

అక్కడి నుంచి ఆటోలో పిల్లలమర్రి పోయాను. కాకతీయుల కాలం నాటి గుళ్లు. లోపల నల్లరాతి స్తంభాలు నూనె రాసినట్టు నున్నగా ఉన్నాయి. దగ్గరికి పోతే ఒక స్తంభంలో నా మొఖం నీడలాగా కదిలింది. డిసెంబరు పొద్దు. గుమ్మం దాటి లోపలికి వచ్చిన వెలుగు రెండు బారలు నడిచి అలసిపోయి ఆగినట్టుంది. ఆ చీకటి అంచున, స్తంభం మీద చెక్కిన ఒక నాట్యకత్తె. మోకాలు మీద కూర్చొని, గోడకు ఆనుకొని, ఊపిరి బిగబట్టి పదిహేను ఫొటోలు తీశాను. అన్నింట్లోనూ, వెలుగు చాలక, ఆమె మీద ఇసుక చల్లినట్టు గింజలు.

మండపంలో కండువా పరుచుకొని కూర్చున్న ఒక పెద్దాయన చాలాసేపు నన్నే చూసి అన్నాడు:

"ఎందుకమ్మా గట్ల మెలికలు తిరుగుతున్నవ్? సెల్లు లేదా? మా మనుమరాలు సెల్లుల కొడితె బొమ్మ తెల్లగొస్తది."

"సెల్లుల గీ చీకటి పోతది పెద్దాయనా."

"చీకటి పోతె మంచిదే గద!" అన్నాడు. చీకటిని కూడా ఉన్నది ఉన్నట్టు తెచ్చుకోవాలని నా ఆశ. ఆ కెమెరా అయితే తెస్తుంది కదా అనుకుంటూ కోదాడ బస్సెక్కాను.

కోదాడ

నలభై అయిదు కిలోమీటర్లలో మాట మారుతుంది. సూర్యాపేటలో "పోండ్రి" అన్న కండక్టరే కోదాడ బస్టాండులో "దిగండి, దిగండి" అన్నాడు. హోటల్లో భోజనం అడిగితే పప్పు కంటే ముందు గోంగూర పచ్చడి పడింది. అది తిన్నాక పావుగంట దాకా చెవుల్లోంచి ఆవిరి వచ్చింది.

ఫొటోగ్రాఫరు పేరు సుదర్శన్. యాభై దాటిన మనిషి. స్టూడియోలో ముందు గది ఆయన భార్య పద్మది. పాస్‌పోర్టు సైజు ఫొటోలు, ఆధార్ ప్రింట్లు ఆమె చూసుకుంటుంది. కుడి భుజం అరిగిపోయిందనీ, బరువు ఎత్తొద్దని డాక్టరు చెప్పాడనీ, అందుకే అమ్ముతున్నాననీ ఆయన చెప్పాడు. నల్లగుడ్డ మడతలు విప్పి కెమెరా నా చేతిలో పెట్టాడు. చేయి కిందికి దిగింది. బరువుకు కొంత, భయానికి కొంత.

"షాపులో చూసి కెమెరా కొనకూడదండి" అన్నాడు. "ఎల్లుండి సాయంత్రం దాకా మీ దగ్గర పెట్టుకోండి. మీకు నచ్చిన ఫొటోలన్నీ తీసుకోండి. బ్యాటరీ నిండుగా ఉంది, రెండు రోజులు లాగుతుంది. నచ్చితే మీది, నచ్చకపోతే నాది."

రెండు నెలలుగా ఫోన్లో మాట్లాడుకుంటున్నాం కానీ, ఇంత నమ్మకం నేను ఊహించలేదు. పద్మ ముందు గదిలోంచే నవ్వింది.

"ఈయనకి అసలు అమ్మే ఉద్దేశం ఉందో లేదో కనుక్కోండి మేడం. ఇప్పటికి ముగ్గురొచ్చి వెళ్ళారు."

నా కాలేజీ కార్డు టేబుల్ మీద పెట్టాను. ఆయన దాన్ని తిరిగి నా చేతికిచ్చాడు. చిన్న కెమెరా సంచి అడుగుకు పోయింది. పెద్దది మెడకెక్కింది.

గరిడేపల్లి మీదుగా మిర్యాలగూడకు

మర్నాడు పొద్దున మంచు ఎంత దట్టంగా ఉందంటే, హుజూర్‌నగర్ దాటాక బస్సు పాలలో ఈదుతున్నట్టు నడిచింది. రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. డ్రైవరు వాటిని తప్పిస్తూ మెల్లగా పోతున్నాడు. గరిడేపల్లిలో ఉండబట్టలేక దిగేశాను.

ఒక ముసలి రైతు వడ్లలో కాళ్లతో చాళ్లు తీస్తూ నడుస్తున్నాడు. మంచు, వడ్ల బంగారు రంగు, ఆ రెండిటి మధ్య ఆయన పాదాలు. నేను కెమెరా ఎత్తగానే ఆయన ఆగిపోయాడు. చొక్కా గుండీలు పెట్టుకున్నాడు, కండువా సర్దుకున్నాడు, చేతులు పక్కలకు ఆనించి కొయ్యలా నిలబడ్డాడు.

"వడ్లు కొనే లారీలు ఎప్పుడొస్తయంట మేడం?"

"నేను ఆఫీసరును కాదు పెద్దాయనా. ఊరికే ఫొటోలు తీసుకుంటున్న."

"గంత పెద్దది మెడకేసుకొని ఊరికేనా?" అని ఆయన నమ్మలేదు. గుప్పెడు వడ్లు తీసి తేమ చూడమని నా చేతిలో పోశాడు. నోట్లో వేసుకొని కొరికాను. "ఎట్లున్నయి?" అన్నాడు. "మంచిగున్నయి" అన్నాను. ఆయన మొఖం వెలిగింది. నా మాటతో ఏ లారీ కదలదని చెప్పడానికి నోరు రాలేదు. చిన్న కెమెరాతో ఎనిమిదేళ్లు తిరిగాను. ఎవరూ నా కోసం గుండీలు పెట్టుకోలేదు. నిజం చెబుతున్నాను, నాకది బాగుంది.

మిర్యాలగూడ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ ఊరికి ఒక వాసన ఉంది. ఉడికిన వడ్ల వాసన, తీపికీ పులుపుకూ మధ్య ఉండేది. రైసు మిల్లుల గొట్టాల్లోంచి ఆవిరి లేస్తూ ఉంటుంది. పొద్దు వాలుతుంటే ఆ ఆవిరిలోంచి ఎండ వచ్చింది. ఊరంతా ఎవరో పలచని పసుపు పంచె ఆరేసినట్టయింది. సైకిళ్లు, బస్తాలు మోసేవాళ్లు, తవుడు అంటిన జుట్టుతో ఇంటికి పోతున్న ఆడవాళ్లు అందులోంచి నడిచి వస్తున్నారు. నొక్కిన ప్రతిసారీ కెమెరా తెర మీద నా కలే కనిపించింది. గింజలు లేవు, మసక లేదు. ఒకామె కనుబొమ్మ మీద తవుడు పొడి కూడా లెక్కపెట్టేంత స్పష్టం. మిర్చి బజ్జీల బండి దగ్గర నిలబడి, ముప్పై రూపాయల ప్లేటు చల్లారిపోతుంటే, ఇది నాదే, నాదే అనుకున్నాను. లాడ్జి గదిలో దాన్ని దిండు పక్కన పెట్టుకొని పడుకున్నాను.

వాడపల్లి

మూసీ కృష్ణలో కలిసేది ఇక్కడే. పొద్దున్నే పోతే రెండు నీళ్లూ వెంటనే కలవవు. ఒక నలుపు చార, ఒక ఆకుపచ్చ చార కొంత దూరం పక్కపక్కనే నడుస్తాయి. మంచులో అవతలి ఒడ్డు లేదు. నీళ్లు ఎక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలయ్యిందో తెలియడం లేదు. ఆ తెల్లదనంలోంచి ముందు గొర్రెల గంటలు వినిపించాయి. తర్వాత గొర్రెలు. చివరికి గొంగడి కప్పుకొని, చేతిలో కట్టెతో ఒకామె.

పేరు లింగమ్మ అని చెప్పింది. అరవై దగ్గర పడ్డ మనిషి. ముక్కుకు పుల్ల, చేతికి వెండి కడియం. గొర్రెలు నీళ్లకు దిగగానే నా దగ్గరికి వచ్చి కెమెరాను అటు నుంచి ఇటు నుంచి చూసింది.

"ఏ ఛానలు బిడ్డా?"

నేను కంటికి కెమెరా ఆనించి ఉన్నాను. లోపల ఒక చిన్న పచ్చ చతురస్రం ఉంటుంది, అది మనిషి కన్నును వెతికి పట్టుకుంటుంది.

"గిది టీవీల వస్తదా?"

"ఊఁ" అన్నాను. ఆమెకు కాదు. సరిగ్గా అప్పుడే పచ్చ చతురస్రం ఆమె కంటి మీద నిలిచింది. నా ఊఁ దానికి.

"అయితె ఒక మాట చెప్త. మా తమ్ముడు సూడాలె."

వీడియో మీట నొక్కాను. ఆమె గొంగడి సర్దుకొని కెమెరాతో మాట్లాడింది.

"సైదులూ, నేన్రా, అక్కను. నాలుగేండ్లాయె. ఆ దినం నువ్వు జర కన్నంటుకున్నవు. గొర్లు మందు కొట్టిన చేన్ల పడ్డయి. గంతే, నీ తప్పు. ముప్పై గొర్లు నా ముంగటనే పడిపోయినయి. నాకు పానం ఆగలే. 'గొర్లకు బదులు నువ్వు సచ్చినా బాగుండు' అన్న. ఊరందరు ఇన్నరు. గా మాట నా నోట్లకెల్లే వచ్చింది గని, నాది కాదురా. బువ్వ తినేటప్పుడల్ల యాదికొస్తది. ఇంటికి రా."

మాటలు నాకు గుర్తున్నాయి. ఆమె ముక్కుపుల్ల మీద వెలుగు, వెనక కరిగిపోయిన నది, కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ విడివిడిగా, అవన్నీ గుర్తున్నాయి. అయిపోగానే ఆమె నా తల నిమిరి గొర్రెల వెంట పోయింది. నేను గాల్లో తేలుతున్నట్టు టీకొట్టు దాకా నడిచాను.

టీ ఇస్తూ కొట్టు ఆయన అన్నాడు: "లింగమ్మవ్వ వార్తలల్ల వస్తదట గద మేడం? గీ టీవీ బందు చెయ్యొద్దని ఇప్పుడే చెప్పిపోయింది. వాళ్ల తమ్ముడు పనిచేసే కాడ గూడ టీవీ ఉంటదట."

టీ పది రూపాయలు. మంచి టీనే. నేను తాగలేకపోయాను.

వెనక్కి పోయాను. ఆమె ఒక గొర్రెపిల్ల కాలికి గుచ్చుకున్న ముల్లు తీస్తోంది. పక్కన కూర్చొని చెప్పాను.

"అమ్మా, నేను టీవీ మనిషిని కాదు. కాలేజీల పాఠం చెప్త. గీ కెమెరా గూడ నాది కాదు, అడిగి తెచ్చుకున్న."

"మరి ఊఁ అన్నవ్ గద?"

ముల్లు తీసి పారేసి, పిల్లను వదిలి, ఆమె నీళ్ల వైపు చూస్తూ అంది:

"నాలుగేండ్లకు నోరు తెరిసిన. గది గూడ గాలిల కలిసింది."

"నీ తమ్ముడు ఎక్కడుంటడో చెప్పు. నేను పోయి చూపిస్త."

"ఎక్కడో ఏంది, గీ దామరచర్లనే. కరెంటు ప్లాంటుల పనిచేసేటోళ్లకు బువ్వ వండుతడు. ఆటో ఎక్కితె అయిపాయె. ఒకపారి బస్టాండు కాడ కనబడ్డడు. మొకం తిప్పుకున్నడు. ఇగ నేనెట్ల పోదును బిడ్డా?"

దామరచర్ల

పొగగొట్టాలు చాలా దూరం నుంచే కనిపిస్తాయి. మంచు విడిపోయినా వాటి తలలు ఇంకా మబ్బులోనే ఉన్నాయి. ప్లాంటు దారిలో రేకుల షెడ్లు. వాటిలో ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కూలీల కోసం నడిచే మెస్సులు. మూడో షెడ్డులో సైదులు దొరికాడు. నలభై ఏళ్లుంటాయి. ఉత్తరాది వాళ్ల కోసం రొట్టెలు చేస్తున్నాడు. గొర్రెలు కాసిన చేతులు పిండిని చక్రంలా తిప్పుతున్నాయి. లోపల ఎవరో అడిగితే "దో మినట్ భయ్యా" అన్నాడు.

"మీ అక్క లింగమ్మ పంపింది" అన్నాను. పీట మీద కర్ర ఆగిపోయింది.

"పానం మంచిగున్నదా?" అన్నాడు ముందు.

"మంచిగున్నది. నీకొక మాట చెప్పింది. చూపిస్త."

కెమెరా మీట నొక్కాను. తెర ఎర్రగా ఒక్కసారి మెరిసి నల్లబడింది. నిన్నటి ఆవిరి మీద, పొద్దుటి మంచు మీద బ్యాటరీ మొత్తం ఖర్చు చేసేశాను. చార్జరు కోదాడలో ఉంది. మెమరీ కార్డు తీసి నా పాత చిన్న కెమెరాలో పెట్టాను. 'ఈ ఫైలు చూపలేము' అని రాసి వచ్చింది. అంత పెద్ద బొమ్మ దాని కడుపులో పట్టలేదు. సైదులు పిండి చేతులతో నిలబడి రెండు కెమెరాలనూ మార్చి మార్చి చూశాడు.

"నోటితోనే చెప్పరాదు మేడం" అన్నాడు.

చెప్పాను. 'గా మాట నా నోట్లకెల్లే వచ్చింది గని, నాది కాదురా' అన్నది కూడా. ఆయన తల వంచుకొని అంతా విన్నాడు. రొట్టె ఒకటి పెనం మీద మాడిపోయింది. తర్వాత అడిగాడు:

"చెప్పేటప్పుడు అక్క ఏడ్చిందా?"

నోరు తెరిచాను. ఆమె కనురెప్పలు గుర్తొచ్చాయి, ముక్కుపుల్ల గుర్తొచ్చింది, పచ్చ చతురస్రం గుర్తొచ్చింది. ఏడ్చిందో లేదో గుర్తు రాలేదు.

"నాకు తెల్వదు" అన్నాను.

"ముంగటనే ఉన్నవ్ గద?"

"ఉన్న."

ఆయన నన్ను కోపంగా చూడలేదు. ఏదో అర్థం కానిదాన్ని చూసినట్టు చూశాడు. కర్ర పక్కవాడికిచ్చి, చేతులు కడుక్కొని, గోడకు వేలాడుతున్న చొక్కా తీసుకున్నాడు.

"సరే తియ్యి. నేనే పోయి సూసుకుంట. నువ్వు మాత్రం ఆ బొమ్మ తీసెయ్యి మేడం. గది మా ఇంటి మాట."

నా ఫోన్ నంబరు అడిగి రాసుకున్నాడు. వాడపల్లి వైపు పోయే ఆటో ఎక్కాడు. మోచేతి దగ్గర పిండి ఇంకా అంటుకొనే ఉంది. నాది మిర్యాలగూడ వైపు ఆటో.

మళ్లీ కోదాడ

సాయంత్రానికి స్టూడియో చేరాను. ఏం జరిగిందో చెప్పకముందే సుదర్శన్ కొత్త బ్యాటరీ, మెమరీ కార్డు వేసి, అలవాటుగా చివరి ఫైలు నొక్కాడు. మంచు, నది, లింగమ్మ. పద్మ కూడా వచ్చి నిలబడింది. "అబ్బ, ఏం వచ్చిందండీ!" అన్నాడాయన. లింగమ్మ మాట్లాడుతోంది. 'సైదులూ, నేన్రా, అక్కను. నాలుగేండ్లాయె...'

అప్పుడు ఇంకో గొంతు వినిపించింది. చాలా దగ్గరగా, చాలా స్పష్టంగా.

"కొంచెం ఎడమకు జరగమ్మా. వెలుగు పడతలేదు."

అది నా గొంతు. అన్నట్టు కూడా నాకు జ్ఞాపకం లేదు. తెరలో లింగమ్మ మాట మధ్యలో ఆపి, బడిపిల్లలా ఎడమకు జరిగి, ఇక్కడ చాలా అన్నట్టు చూసి, మళ్లీ 'సైదులూ' అని మొదటి నుంచి మొదలుపెట్టింది.

చేయి చాచి ఆపేశాను. పద్మ నా మొఖం చూసి మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లింది.

"మేమూ అంతేనండి" అన్నాడు సుదర్శన్. "అప్పగింతలప్పుడు ఆడపిల్ల వాళ్ల నాన్నని పట్టుకొని ఏడుస్తుంటే, ఇటు తిరగమ్మా అంటాం. తిరుగుతారు పాపం. ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు."

ఆ వీడియో తీసేయమన్నాను. ఒకసారి ఆలోచించుకోమన్నాడు. మళ్లీ అన్నాను. తీసేశాడు. మిర్యాలగూడ ఆవిరి ఫొటోలు మాత్రం పెన్‌డ్రైవులో తెచ్చుకున్నాను. నా ఎనిమిదేళ్ల ఫొటోల్లో వాటికి సాటి వచ్చేవి లేవు, ఆ మాట దాచను. తప్పు కెమెరాది కాదు. "ఇప్పుడు కాదు" అని చెప్పి నల్లగుడ్డలో చుట్టి ఇచ్చాను. "చూశావా, నాలుగో ఆమె" అని సుదర్శన్ పద్మతో అన్నాడు. ఆయన గొంతులో సంతోషమే వినిపించింది నాకు.

హనుమకొండ

ఇప్పటికీ అన్నం తిన్నాక చేయి ఫోను మీదికి పోతుంది. కొత్త కెమెరాలు వస్తూనే ఉన్నాయి. చూస్తాను. ఒక్కోసారి కలలో మంచు, దానిలోంచి గంటల చప్పుడు. లేచాక కాసేపటి దాకా గది తెల్లగా ఉన్నట్టుంటుంది.

వచ్చిన పన్నెండు రోజులకు, రెండు క్లాసుల మధ్య ఫోను మోగింది. సైదులు.

"మేడం, గొర్ల కాడికెల్లి మాట్లాడుతున్న. మెస్సు పని పొద్దున ఒక పూటే. మాపటికి ఇంటికే వస్తున్న."

వెనక నుంచి లింగమ్మ గట్టిగా అంది: "టీవీల రాకముందుకే వచ్చిండని చెప్పు బిడ్డకు!" ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత, అడగొచ్చో లేదో తెలియకుండానే అడిగేశాను.

"సైదులూ, మరి ఆ రోజు నువ్వు పోయినంక అక్క ఏడ్చిందా?"

ఫోనులో గొర్రెల గంటలు వినిపించాయి.

"ఏమో మేడం. నాకూ కనబడలే. నా కండ్ల నిండ నీళ్లే ఉండె."